కొండ కింద శనివారం

ఆ ఏడు ఎండుగడ్డి కోతలప్పుడు మా ఊళ్ళో తగువు దేవుడికీ మాకూ మధ్య రాలేదు. మా పాదిరి అయ్యగారికీ సూర్యుడికీ మధ్య వచ్చింది. నలిగింది మేము.

నా కొడుకు శనివారం సాయంత్రం పుట్టాడు. అందులో చెప్పుకోవడానికేముంది అనేవాళ్ళు మా మసాచుసెట్స్ కొండల్లో ఎన్నడూ బతకలేదన్నమాట. మాకు శనివారం పొద్దు గుంకిందంటే విశ్రాంతి దినం వచ్చేసినట్టే. గొడ్డలి పక్కన పెట్టాలి. వంట ముందే అయిపోవాలి. మొగుడూ పెళ్ళాం ఎడంగా పడుకోవాలి. మళ్ళీ ఆదివారం పొద్దు గుంకేదాకా అంతే. దీనికి తోడు ఇంకో నమ్మకం. బిడ్డ ఏ వారం కడుపున పడితే ఆ వారమే పుడుతుందని. అయ్యగారొక్కరే కాదు, అందరం నమ్మేవాళ్ళం. నేనూ నమ్మాను. నమ్మకపోవడానికి నాకప్పటికి చదువేది? ఆ రెండూ కలిపి చూసుకోండి. విశ్రాంతి దినాన పుట్టిన బిడ్డంటే తల్లిదండ్రులు విశ్రాంతి దినాన పాపం చేశారని కేక వేసి చెప్పే సాక్షి. వాళ్ళు మందిరంలో ఊరందరి ముందూ నిలబడి ఒప్పుకోవాలి. ఒప్పుకునేదాకా బిడ్డకు బాప్తిస్మం లేదు.

మధ్యాహ్నం నుంచీ నొప్పులు పడుతున్నాను. మంత్రసాని మా అత్తే. పేరు డెలివరెన్స్. ఊళ్ళో సగంమందిని భూమ్మీదికి లాగింది ఆవిడ చేతులే. సాయానికి మెహిటబెల్ వచ్చింది. ఆవిడ సంఘపెద్ద భార్య. మందిరంలో అయ్యగారి తర్వాత మాట ఆ పెద్దాయనదే; పొలాలు ఎక్కువున్నవాడు గనక బయట మొదటి మాటా ఆయనదే. మెహిటబెల్‌కు పిల్లల్లేరు. ఎవరికి నొప్పులొచ్చినా పిలవకపోయినా వచ్చి నడుం పట్టేది. మంచి మనిషి. ఆ మంచితనమే మా కొంప ముంచింది.

మా ఇల్లు కొండకు తూర్పున, సరిగ్గా కొండ మొదట్లో ఉంటుంది. ఎండాకాలమైనా సరే, పొద్దు తొందరగా కొండ వెనక్కి దిగిపోతుంది.

"కానీవే. ఇంకొక్కసారి," అంది అత్త.

"నా వల్ల కాదత్తా."

"నీ వల్ల కాకపోతే నా వల్లవుద్దా? నా వయసు చూసి మాట్టాడు. కానీ, తల కనపడతంది."

"చీకటిగా ఉంది పిన్నీ. దీపం వెలిగించనా?" అంది మెహిటబెల్.

"ఇంకా అడుగుతావేందమ్మా, వెలిగించు. చేత్తో తడుముకుంటా ఉన్నా ఇక్కడ."

దీపం వెలిగింది. బిడ్డ బయటపడ్డాడు. కొండమీద సంఘపెద్ద మనుషులు గడ్డి బండికెత్తుతూ ఎద్దుల్ని బూతులు తిడుతున్నారు. నా అరుపు ఆగాక ఆ తిట్లు ఒక్కొక్కటీ స్పష్టంగా వినబడ్డాయి. నాకు నవ్వొచ్చింది. కొడుకు పుట్టగానే విన్న మొదటి మాటలు అవా అనుకున్నాను.

మర్నాడు బిడ్డను మందిరానికి తీసుకెళ్ళింది నా భర్త ఎల్నాథన్. బాలింతను, నేను మంచం దిగలేదు. నీళ్ళు పోయించుకుని నవ్వుతూ వస్తాడనుకుంటే, మొహం మాడ్చుకుని వచ్చాడు. వెనకాలే అత్త, టోపీ ముడి కూడా విప్పకుండా మొదలుపెట్టింది.

"అయ్యగారు గిన్నెలో చెయ్యి పెట్టబోతా పెట్టబోతా ఆగాడే. 'ఎప్పుడు పుట్టాడు?' అన్నాడు. 'నిన్న సాయంత్రం' అన్నాడు వీడు. 'పొద్దుండగానా, గుంకినాకనా?' అన్నాడు. వీడు నా వంక చూశాడు. 'పొద్దుండగానే అయ్యగారూ' అన్నాను నేను, ఆడోళ్ళ వైపు నుంచి లేచి. అక్కడితో అయిపోయేదే. ఆ మెహిటబెల్ మొహం తెల్లకాయితంలాగా అయిపోయింది. అయ్యగారు చూశాడు. 'నువ్వూ ఉన్నావుగదమ్మా?' అన్నాడు. 'నేను దీపం వెలిగించినాక పుట్టాడయ్యగారూ' అంది. అంతే. చెయ్యి తడవకుండానే తీసేశాడు."

నేను బిడ్డను తీసుకున్నాను. నుదురు పొడిగా ఉంది.

"దాందేం పోయింది అత్తా? ఒక్క మాట ఊరుకుంటే?"

"అబద్ధమాడటం రాదంట మహాతల్లికి. నీకో మాట చెపుతా విను. ఇన్నేళ్ళుగా ఈ ఊళ్ళో ఒక్క బిడ్డయినా ఆదివారం పుట్టిందా? ఎప్పుడన్నా ఆలోచించావా?"

ఆలోచిస్తే నిజమే. ఒక్కరూ గుర్తుకు రాలేదు.

"దేవుడు ఆదివారం మంత్రసానులకు సెలవిస్తాడనుకున్నావా? పొద్దున్నే పుడితే శనివారం పగలే పుట్టిందన్నాను. మధ్యాహ్నం పుడితే తలుపేసుకుని, పొద్దు గుంకేదాకా బిడ్డ నోట్లో చక్కెర గుడ్డ పెట్టి కిక్కురుమననీలేదు. మన అయ్యగారి రెండో పిల్ల కూడా అట్టాంటిదే. ఆయనకు తెలీదు."

ఎల్నాథన్ గుమ్మంలోనే నిలబడిపోయాడు. "అమ్మా, అవన్నీ అబద్ధాలా?"

"అవి నా పనిముట్లురా. నీకు కొడవలున్నట్టు."

నా భర్త సంగతి ఇక్కడ చెప్పాలి. మాట తక్కువ మనిషి. అమ్మే గొడ్డుకు ఏ జబ్బుందో కొనేవాడు అడక్కముందే చెప్పేవాడు. అందుకే మా దొడ్లో గొడ్లు మా దొడ్లోనే ముసలివయ్యేవి. ఊళ్ళోవాళ్ళు వెనక నవ్వుకునేవాళ్ళు, తగువొస్తే మాత్రం సాక్ష్యానికి ఆయన్నే పిలిచేవాళ్ళు.

"పోనీ ఒప్పేసుకోండ్రా," అంది అత్త. "నిలబడటానికి సిగ్గేంది? సగం ఊరు నిలబడింది. నువ్వు కడుపులో ఉండగా మీ నాన్నా నేనూ నిలబడలా? పెళ్ళయి ఎన్నాళ్ళయిందో వేళ్ళు లెక్కేసుకుని మరీ నిలబెట్టారు. కాళ్ళు నొప్పులు పుట్టినయ్, అంతే."

"మీరు చేసింది ఒప్పుకున్నారు. మేము చేయంది ఒప్పుకోవాలి."

"చేయలేదా?"

"లేదు," అన్నాం ఇద్దరం ఒకేసారి.

అత్త నా వంక జాలిగా చూసింది. "ఏం మొగుణ్ణి కన్నానే నీకు."

ఎల్నాథన్ నవ్వలేదు. "చేయని పాపం చేశానంటే అది అబద్ధ సాక్ష్యం. విశ్రాంతి దినపు నాలుగో ఆజ్ఞ మీరానని చెప్పుకోడానికి, అబద్ధం వద్దన్న తొమ్మిదో ఆజ్ఞ మీరాలా?"

అత్త అప్పుడు టోపీ ముడి విప్పుకుంది. ఆయన మాట నిజమే. కానీ బిడ్డ నుదురు పొడిగానే ఉంది. బాప్తిస్మం లేకుండా పోయిన పసిబిడ్డల గురించి అయ్యగారు ఏడాదికి ఒకసారైనా ప్రసంగం చేసేవారు. వాళ్ళకు నరకం తప్పదని ఎన్నడూ అనలేదు. తప్పుతుందనీ అనలేదు. ఆ మధ్యలో ఉన్న ఖాళీలోనే మా ఊరి తల్లులందరం బతికేవాళ్ళం.

అప్పటికే గొంతు జబ్బు నది పొడుగునా పైకి వస్తోంది. పిల్లల మెడలు వాచి, గొంతులో తెల్లటి పొర కట్టి, ఊపిరాడక పోతున్నారు. ఒక ఊళ్ళో పిల్లల మాటే వినబడటం లేదని ఉప్పు బండివాడు చెప్పిపోయాడు.

నడుం నిలబడగానే నేను అయ్యగారింటికి వెళ్ళాను. ఎల్నాథన్‌కు చెప్పలేదు. మంచంలో పడుకున్నన్నాళ్ళూ ఒకటే ఆలోచించాను, ఆ ఎద్దుల తిట్ల గురించి.

అయ్యగారు విథర్‌బీ చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే తిట్టుకుని ఊరుకునేదాన్ని. చలికాలంలో తన కట్టెలు ముసలివాళ్ళకు పంచి తను వణికే మనిషి. నమ్మినదాన్ని చివరిదాకా నమ్మేవాడు, ఎదుటివాడి చివరిదాకా. ఆ రోజు సంఘపెద్ద కూడా అక్కడే ఉన్నాడు.

"అయ్యగారూ, విశ్రాంతి దినం ఎప్పుడు మొదలవుద్ది?" అన్నాను.

"తెలియనట్టు అడుగుతావేమమ్మా? సూర్యుడు అస్తమించగానే."

"ఎవరి సూర్యుడు?"

ఆయన కళ్ళు చిట్లించారు. సంఘపెద్ద కాలు మీద కాలు తీసేశాడు.

"మా ఇల్లు కొండ కిందుంది. మాకు పొద్దు ముందే పోద్ది. మెహిటబెల్ అక్క దీపం వెలిగించింది, అది నిజమే. కానీ అప్పటికి కొండమీద పెద్దయ్య మనుషులు గడ్డి బండికెత్తుతున్నారు. నేను విన్నాను. ఎద్దుల్ని ఏమని తిట్టారో కూడా చెప్పగలను, మీరు వినలేరు. మా ఇంటికి విశ్రాంతి దినం వచ్చేసిందంటే పెద్దయ్య విశ్రాంతి దినాన పని చేయించినట్టు. రాలేదంటే నా బిడ్డ శనివారం బిడ్డ. రెంట్లో ఏదో ఒకటి చెప్పండి."

"నా పొలంలో ఎండుంది," అన్నాడు సంఘపెద్ద. "బండి కొట్టంలో కొచ్చేదాకా ఎండుంది."

"నేనూ అదే అంటన్నా."

"నీ ఇల్లు నా పొలం కాదు."

"కాదు. అదే మా ఖర్మ."

"చూశారా అయ్యగారూ, నోరు," అన్నాడు ఆయన.

అయ్యగారు కిటికీ వైపు తిరిగారు. కిటికీలోంచి కొండ కనబడుతోంది. దాని వంకే చూశారు, మొదటిసారి చూస్తున్నట్టు.

"జెరూషా, ఇది నేనొక్కణ్ణి తేల్చేది కాదు. ఒక సంఘపెద్ద మీద మాట వచ్చింది. సంఘం కూడాలి. పక్క ఊళ్ళ దైవసేవకులను పిలవాలి. అంతా కోతలయ్యాక."

"కోతలయ్యేదాకా బిడ్డలుంటారా అయ్యగారూ? జబ్బు నది దాటిందంటన్నారు."

"ఒప్పుకోలు చెప్పేటట్టయితే ఈ ఆదివారమే బాప్తిస్మం ఇస్తాను. సంతోషంగా ఇస్తాను."

విన్నారుగా. నిజమైతే కోతలయ్యాక. అబద్ధమైతే ఈ ఆదివారమే. తర్వాతి రోజుల్లో ఊరూరా బోధిస్తూ తిరిగినప్పుడు ఈ ముక్క నేను చాలా కొట్టాల్లో గడ్డిమోపుల మీద నిలబడి చెప్పాను, దానికే ఒకసారి చెరసాల్లో వేస్తే ఆ గోడలకు కూడా చెప్పాను. అప్పుడు మాత్రం ఇంటికి వచ్చి పాలిచ్చుకుంటూ కూర్చున్నాను.

జబ్బు మా ఊరికి కమ్మరింటి మీదుగా వచ్చింది. ఆయన పిల్లలంతా ఒకరి వెనక ఒకరు పోయారు. పెద్దపిల్లకు పెట్టె చేసినప్పుడు కమ్మరే మేకులు సాగగొట్టుకున్నాడు. ఆఖరివాడి పెట్టెకు చేతులు రాక పొరుగువాడు కొట్టాడు. గడ్డి కోసే మనుషులు తగ్గిపోయారు. కోసింది కోసినచోటే నల్లబడింది.

మెహిటబెల్ గిన్నెలో కోడిపులుసు పట్టుకుని వచ్చింది. నేను లోపలికి రమ్మనలేదు. గుమ్మం దగ్గరే నిలబడింది.

"ఎట్టా ఉన్నాడు?"

"బాగానే ఉన్నాడు, ఇవాళ్టికి. నువ్వు ఒక్క మాట మారిస్తే రేపటిక్కూడా నాకు నిమ్మళంగా ఉంటది."

"నేను చూసింది చూసినట్టు చెప్పాను జెరూషా."

"కొండమీద ఎండుందని చెప్పు."

"నేను కొండమీద లేను. నీ గదిలో ఉన్నాను."

"మీ ఆయన చెప్పాడుగా ఎండుందని."

"ఆయన చెప్పింది ఆయన చెప్పాడు."

నేను కాళ్ళు పట్టుకున్నాను. అవును, పట్టుకున్నాను. గిన్నెలో పులుసు ఒలికి నా జుట్టు మీద పడింది. ఆవిడ గిన్నె కింద పెట్టి, తన పైగుడ్డతో నా తల తుడుస్తూ ఏడ్చింది.

"దేవుడు నాకు బిడ్డల్నివ్వలేదు. నాకున్నదల్లా ఒకటే, నా నోట అబద్ధం రాదు. అది కూడా తీసుకుంటావా నా దగ్గర?"

నేను కాళ్ళు వదిలేశాను. పులుసు మాత్రం అత్త తాగింది. బాగుందంది, ఉప్పు తక్కువైందంది.

మూడు వారాలో నాలుగో గడిచాయి. ఒక శనివారం పొద్దున బిడ్డ పాలు పట్టలేదు. రొమ్ము నోట్లో పెట్టుకుని వదిలేశాడు. మళ్ళీ పెట్టుకుని వదిలేశాడు. గొంతులో ఏదో గీరినట్టు చప్పుడు. అత్త వేలు తడిపి వాడి నోరు తెరిచి చూసింది. చూసి, వెళ్ళి పొయ్యి దగ్గర చిక్కుళ్ళ కుండ మూత సర్దింది. మూత సరిగ్గానే ఉంది.

ఎల్నాథన్ దొడ్లో కొడవలి నూరుతున్నాడు. బిడ్డనెత్తుకుని ఆయన ముందుకు వెళ్ళాను.

"రేపు నేను నిలబడతా," అన్నాను.

రాయి ఆగలేదు. "నిలబడు."

"నేనొక్కదాన్ని నిలబడితే కుదరదు. ఆ పాపం ఒక్కరు చేసేది కాదు."

"చేయలేదు మనం."

"చేయలేదు. వాడు గుటక వేయలేకపోతన్నాడయ్యా."

రాయి ఆగింది. బిడ్డ పిడికిట్లో వేలు పెట్టాడు. వాడు పట్టుకోలేదు. పిడికిలి అట్లాగే ఉండిపోయింది.

"వాడు ఏ వారం పుట్టాడో దేవుడికి తెలీదా జెరూషా?"

"తెలుసు. అయ్యగారికి తెలీదు. నీళ్ళు అయ్యగారి దగ్గరున్నయ్."

ఆయన మళ్ళీ రాయి తీసుకున్నాడు. ఆ సాయంత్రం పొద్దు కొండ వెనక్కి పోగానే కొడవలి చూరులో పెట్టి లోపలికి వచ్చేశాడు. కొండమీద ఇంకా ఎండుంది.

మందిరంలో మగవాళ్ళు ఒక వైపు, ఆడవాళ్ళం ఒక వైపు. మధ్యలో దారి. ఆ ఆదివారం బల్లలు సగం ఖాళీగా ఉన్నాయి. ఉన్నవాళ్ళలో సగంమంది నల్లబట్టల్లో ఉన్నారు. బిడ్డను నేను గుండెకానించుకుని కూర్చున్నాను. వాడు ఏడవడం లేదు. ఏడిస్తే బాగుండుననిపించింది. పక్కన అత్త నా మోచెయ్యి వదలలేదు.

ప్రసంగమయ్యాక అయ్యగారు, "సంఘం ముందు చెప్పుకోవలసినది ఎవరికైనా ఉందా?" అన్నారు.

నేను లేచాను.

"చెప్పమ్మా."

"మేము విశ్రాంతి దినాన్ని అపవిత్రం చేశాం అయ్యగారూ." ఈ మాటలు అత్త నేర్పింది. తను అప్పుడు చెప్పినవే, ఒక్క ముక్క మార్చి. "మా శరీరాలకు లోబడ్డాం. దేవుణ్ణీ సంఘాన్నీ క్షమించమని అడుగుతున్నాను."

మెహిటబెల్ తల దించుకుంది. సంఘపెద్ద తల దించుకోలేదు.

"నీ భర్త?" అన్నారు అయ్యగారు.

అందరూ మగవాళ్ళ వైపు తిరిగారు. ఎల్నాథన్ తన మోకాళ్ళు చూసుకుంటున్నాడు. ఆయన చేతులు నాకు కనబడుతున్నాయి. మా పెళ్ళప్పుడు ఇల్లు కట్టిన చేతులు. రెండు చేతులూ ముందు బల్ల అంచు పట్టుకుని ఉన్నాయి. బిడ్డ గొంతు గీరింది. మందిరం అంత పెద్దదైనా ఆ చప్పుడు అటు వైపుకు కూడా వినబడింది.

ఎల్నాథన్ నిలబడ్డాడు.

మాట్లాడలేదు. నిలబడ్డాడు, అంతే. అయ్యగారు కాసేపు చూసి, "సంఘం దీన్ని ఒప్పుకోలుగా అంగీకరిస్తోంది" అన్నారు. ఆయన గొంతులో సంతోషం. నిజమైన సంతోషం. తప్పిపోయిన గొర్రె దొరికినవాడి సంతోషం. అందుకే ఆ మనిషిని నేను ఇప్పటికీ పూర్తిగా ద్వేషించలేను. అదొక బాధ.

బిడ్డను తండ్రి చేతుల్లో పెట్టాను. పేరు జాబెజ్ అన్నాడు. నీళ్ళు పోశారు. వాడు ఉలిక్కిపడి కళ్ళు తెరిచాడు. నీళ్ళు చెవి వెనక నుంచి మెడ మీదికి, ఆ వాపు మీదికి కారాయి. నేను తుడవలేదు. ఎండిపోయేదాకా అట్లాగే ఉండనిచ్చాను.

జాబెజ్ మంగళవారం పోయాడు.

అయ్యగారు పాతిపెట్టే చోటికి వచ్చారు. ఆ వారం ఆయన చెప్పులు అరిగిపోయేలా తిరుగుతున్నారు, ఇంటి నుంచి గుంటకు, గుంట నుంచి ఇంటికి. మా దగ్గర ఆగి ఎల్నాథన్ భుజం మీద చెయ్యి వేశారు.

"బాప్తిస్మంతో దేవుడి నిబంధనలో చేరిన బిడ్డ. ధైర్యంగా ఉండు నాయనా."

"అయ్యగారూ, ఒకటి అడగాలి."

"అడుగు."

"నేను ఆదివారం అబద్ధమాడాను. దానికి ఎప్పుడు నిలబడాలి?"

అయ్యగారి చెయ్యి భుజం మీదే ఉండిపోయింది. అత్త ఒక్క ఉదుటున మధ్యలోకి వచ్చింది. "కడుపుకోతలో ఉన్నాడయ్యగారూ, ఏం మాట్టాడుతున్నాడో వాడికే తెలీదు. మీరు పోండి, కమ్మరింటోళ్ళు ఎదురుచూస్తా ఉంటారు." ఆయన వెళ్ళారు. గబగబా వెళ్ళారు.

ఆ వారమంతా ఎల్నాథన్ అన్నం ముందు ప్రార్థన చెప్పలేదు. మా ఇంట్లో ఆ ప్రార్థన లేకుండా గరిటె కదిలేది కాదు. మొక్కజొన్న సంకటి చల్లారిపోయేది. చివరికి అత్తే చెప్పేది, తొందర తొందరగా, నిప్పు తొక్కినట్టు. ఆయన రెండు ముద్దలు తిని లేచేవాడు.

శుక్రవారం పశువుల కొట్టంలో పట్టుకున్నాను.

"ఏందయ్యా నీ ఉద్దేశం?"

"ఆదివారం నిలబడతా."

"నిలబడి?"

"అబద్ధమాడానని చెపుతా."

"చెపితే ఏమవుద్దో తెలుసా? ఒప్పుకోలు చెల్లదంటారు. ఒప్పుకోలు చెల్లకపోతే బాప్తిస్మం చెల్లదు. వాడి మీద నీళ్ళు వెనక్కి తీసుకుంటారు."

"మట్టిలో ఉన్నాడే వాడు. ఎట్టా తీసుకుంటారు?"

"తీసుకుంటారు. వాళ్ళకు తెలుసు ఎట్టా తీసుకోవాలో. నేను ఆ ఒక్కదానితోనే నిద్రపోతన్నా. వాడి మెడ మీద నీళ్ళు. కళ్ళు మూసుకుంటే అదే. దాన్ని కూడా తీసేస్తావా?"

ఆవు మూతి తోస్తే పక్కకు జరిగాడు.

"నాకు ముద్ద దిగట్లేదు జెరూషా. దేవుడి పేరెత్తితే నోరు ఎండిపోతంది. నేను ఆయన్ని పిలిస్తే, 'ఎవరది, ఆ అబద్ధమాడినవాడా' అంటాడనిపిస్తంది."

"నేనూ ఆడాను. నాకు దిగుతంది ముద్ద."

"నువ్వు బిడ్డ కోసం ఆడావు."

"నువ్వు?"

"నువ్వు చూస్తున్నావని."

నేను చెంప మీద కొట్టాను. కొట్టి, ఆ చెంప మీదే మొహం పెట్టి ఏడ్చాను. ఆయన మాత్రం ఏడవలేదు. నిలబడవద్దని మాట తీసుకోబోయాను. ఇవ్వలేదు. మాటిస్తే నిలబెట్టుకోవాలి గదా, అందుకని.

ఆదివారం వచ్చింది. నేను ఆడవాళ్ళ వైపు కూర్చుని దేవుణ్ణి ఒకటే అడిగాను, నా మొగుడి కాళ్ళు విరగ్గొట్టు అని. ప్రార్థన అంటే అదేనని ఒప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. మెహిటబెల్ ముందు వరసలో ఉంది. ఆవిడ మెడ సన్నబడిపోయింది. ఎవరి బిడ్డ పోయినా ఆవిడే స్నానం చేయించింది ఆ ఎండాకాలమంతా.

అయ్యగారు ఎవరికైనా చెప్పుకోవలసినది ఉందా అని అడగలేదు. ఆ రోజు కావాలనే అడగలేదు. అయినా ఎల్నాథన్ లేచాడు.

"కూర్చో ఎల్నాథన్," అన్నారు అయ్యగారు, మెల్లగా.

ఆయన కూర్చోలేదు.

"నువ్వు దుఃఖంలో ఉన్నావు. సంఘానికి తెలుసు. కూర్చో నాయనా."

ఆయన నోరు తెరిచాడు. "పోయిన ఆదివారం," అన్నాడు.

"ప్రార్థన చేద్దాం," అన్నారు అయ్యగారు గట్టిగా.

మా మందిరంలో ప్రార్థనకు అందరూ నిలబడాలి. బల్ల చెక్కలకు మడతబందులుంటాయి. ఆ చెక్కలు పైకెత్తి, వెనక్కి ఆనుకుని నిలబడతాం. ఊరంతా లేచింది. ఎల్నాథన్ ఆ జనంలో మునిగిపోయాడు. ఇక ఎవరు దేనికి నిలబడ్డారో చెప్పడానికి లేదు. అయ్యగారికి ఆ క్షణంలో ఆ ఉపాయం ఎవరిచ్చారో నాకు తెలియదు. నేనూ లేచాను. నాకు కావలసిందే జరిగింది. నా బిడ్డ నీళ్ళు వాడి మీదే ఉన్నాయి.

అయ్యగారు చాలాసేపు ప్రార్థన చేశారు. రాజు కోసం చేశారు, గవర్నరు కోసం చేశారు, సముద్రంలో ఉన్నవాళ్ళ కోసం చేశారు. పోయిన పిల్లలను ఒక్కొక్కరినే పేరు పేరునా చెప్పారు. జాబెజ్ పేరు చెప్పారు. నేను ఆ పేరు కోసమే కాచుకుని ఉన్నాను. అది ఆయన నోట్లోంచి వచ్చాక నాకు ఏమీ అనిపించలేదు. కమ్మరి పిల్లల పేర్లు ఎట్లా వినబడ్డాయో అదీ అట్లాగే వినబడింది. దారికి అవతల తలల మధ్య సందులోంచి నా భర్త మెడ ఒక్కటే కనబడుతోంది. ఆ మెడలో గుటక కదులుతోంది. దిగడం లేదు. కదిలి ఆగిపోతోంది, కదిలి ఆగిపోతోంది, ఆ శనివారం బిడ్డ గొంతులాగే.

"ఆమెన్," అన్నారు అయ్యగారు.

బల్ల చెక్కలన్నీ దబదబా కింద పడ్డాయి. అందరూ కూర్చున్నారు. అత్త నా గౌను పట్టి గుంజింది. "కూర్చోవే," అంది పళ్ళ మధ్య నుంచి. "జెరూషా, కూర్చో."

నేను గౌను విడిపించుకున్నాను. అటు వైపు ఎల్నాథన్ నిలబడే ఉన్నాడు. ఇటు నేను.